ఢిల్లీ నిర్ణయం మీద వెలగపూడిలో ప్రశ్న వేయించడం ఎలా?

కనిగిరి బస్టాండులో ఎవరిని కదిపినా నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం గురించి ఒక మాట చెబుతారు. 2011–12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన ఈ 309 కిలోమీటర్ల మార్గం దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా నెల్లూరు మెట్ట ప్రాంతంలోకి ప్రవేశించి, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి దాటి శ్రీకాళహస్తి చేరాలి. "మా ఊరికి రైలు ఎప్పుడొస్తుందో అసెంబ్లీలో అడగండి" అని ఎమ్మెల్యేకు అర్జీ ఇచ్చినవారిని నేను చాలామందిని చూశాను. నేను రాసిన మొదటి అర్జీలో కూడా అదే వాక్యం ఉంది. అది ప్రశ్నగా వెలగపూడిలోని రాష్ట్ర శాసనసభ దాకా వెళ్లలేదు. రైల్వేలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర మంత్రి జవాబు చెప్పవలసిన బాధ్యత లేని విషయం మీద వేసిన ప్రశ్నను శాసనసభ నియమావళి అనుమతించదు. ఈ సంగతి తెలియక మంచి అర్జీలు ఎన్నో కార్యాలయాల అరల్లోనే ఉండిపోతున్నాయి కాబట్టి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి పని తలపెట్టినవారి కోసం నేను నేర్చుకున్నది వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక్క విషయం స్పష్టం చేసుకోవాలి. రాష్ట్ర శాసనసభ కేంద్ర మంత్రిని నిలబెట్టి అడగలేదు, కేంద్ర శాఖకు ఆదేశం ఇవ్వలేదు. అయితే కేంద్రం చేసిన పని గురించి, లేదా చేయకుండా వదిలేసిన పని గురించి, మన రాష్ట్ర ప్రభుత్వం ఏ లేఖ రాసింది, ఏ జవాబు అందుకుంది, తన వాటాగా ఎంత కట్టింది, ఎంత భూమి అప్పగించింది, దేనికి ఒప్పుకుంది, దేనికి అభ్యంతరం చెప్పింది అని అడిగే హక్కు సభ్యులకు పూర్తిగా ఉంది. మన జిల్లాల్లో కేంద్రం చేపట్టిన పనుల్లో రాష్ట్రం చెయ్యి పడనిది దాదాపు లేదు. ఆ చెయ్యి ఎక్కడ పడిందో కనిపెట్టి, ప్రశ్నను అక్కడికి మళ్లించడమే అసలు పని.

విషయం ఎవరి పరిధిలోదో తేల్చుకోవడం

ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు ఉన్నాయి. రైల్వేలు, జాతీయ రహదారులు, మేజర్ పోర్టులు (కేంద్రం ఆధీనంలోని పెద్ద ఓడరేవులు) కేంద్ర జాబితాలోవి. వ్యవసాయం, రాష్ట్రం లోపలి నీటిపారుదల, చేపల పెంపకం రాష్ట్ర జాబితాలోవి. మేజర్ కాని పోర్టులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కాగితం మీద ఈ విభజన ఇంత సులువుగా కనిపిస్తుంది గానీ, మన తీరానికి వచ్చి చూస్తే అలా ఉండదు.

పొగాకు సంగతి చూడండి. 1975 చట్టం కింద ఏర్పడి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు కేంద్ర సంస్థ. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు వేలం కేంద్రాల్లో జరిగే వర్జీనియా పొగాకు అమ్మకం దాని ఆధీనంలోనే ఉంటుంది. బర్లీ పొగాకు ఆ వేలం పరిధిలో లేదు. 2025లో బర్లీ ధర పడిపోయినప్పుడు కొనుగోలుకు దిగింది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్. అందువల్ల "పొగాకు రైతును ఆదుకోవాలి" అని రాసిన అర్జీ ఎటూ చెందకుండా పోతుంది. ఏ రకం పొగాకో ముందు రాయాలి. వర్జీనియా అయితే వ్యవసాయ మంత్రిని బోర్డుతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల గురించి అడగాలి. బర్లీ అయితే కొనుగోలు లెక్కల గురించి నేరుగా అడగవచ్చు.

రొయ్యల రైతుకూ ఇదే చిక్కు. ఎగుమతులు, విదేశాలు వేసే సుంకాల మీద చర్చలు కేంద్రం పని. తీరప్రాంత చెరువుల నియంత్రణకు 2005 నాటి కేంద్ర చట్టం ఉంది. మేత, సీడ్ నాణ్యత వంటివి చూడవలసిన ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ 2020 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడింది. సముద్రంలో వేటకు వస్తే, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల రాష్ట్ర మత్స్యశాఖ నియంత్రణ ఉంటుంది, అవతల కేంద్రానిది. పక్క రాష్ట్రం మరపడవలు మన వలలు తెంపాయని ఫిర్యాదు చేసేటప్పుడు, సంఘటన ఎంత దూరంలో జరిగిందో రాయకపోతే ఆ అర్జీని ఎటువైపు పంపాలో అధికారికి తెలియదు. పంపకుండా ఉండడానికి అదొక వీలు కూడా అవుతుంది.

చట్టంలో ఉన్నదీ, నోటిమాటగా ఇచ్చినదీ వేరు చేయడం

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014 మన జిల్లాలకు ముఖ్యమైన కాగితం. దాని 93వ సెక్షన్, పదమూడో షెడ్యూలు కలిపి చదివితే, దుగరాజపట్నం వద్ద కేంద్రం కొత్త మేజర్ పోర్టు నిర్మించాలనీ, తొలి దశ 2018 చివరికి పూర్తి కావాలనీ ఉంటుంది. అప్పటి నెల్లూరు జిల్లా తీరానికి పార్లమెంటు చట్టంలో రాసిచ్చిన మాట అది. ఆ పోర్టు రాలేదు. పులికాట్ సరస్సు, శ్రీహరికోట దగ్గరగా ఉండడం వల్ల అభ్యంతరాలు వచ్చాయి, ఆ చోటు లాభసాటి కాదని కేంద్రం చెప్పింది, మరో చోటు చూపమంది. ఆ క్రమంలోనే అప్పటి ప్రకాశం జిల్లా గుడ్లూరు మండలంలోని రామాయపట్నం పేరు ముందుకు వచ్చింది; చివరికి అక్కడ పని మొదలైనది రాష్ట్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని పోర్టు. చట్టం చెప్పింది కేంద్రం కట్టే మేజర్ పోర్టు. రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలిసిన ఎమ్మెల్యే "ప్రత్యామ్నాయ స్థలం కోరుతూ కేంద్రం ఎప్పుడు రాసింది, రాష్ట్రం ఎప్పుడు ఏమని జవాబిచ్చింది" అని అడగగలడు. తెలియని ఎమ్మెల్యే "పోర్టు వస్తోంది కదా" అన్న జవాబుతో కూర్చుంటాడు.

ప్రత్యేక హోదా విషయం వేరు. అది 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని చేసిన ప్రకటనలో ఉంది, చట్టం పాఠంలో లేదు. అర్జీలో "చట్ట ప్రకారం ప్రత్యేక హోదా" అని రాస్తే, ఆ ఒక్క తప్పుతో మిగతా నిజాలన్నీ పక్కన పడతాయి. అందుకే చట్టంలో ఉన్నదానికి సెక్షన్ సంఖ్య, సభలో చెప్పినదానికి తేదీ, గెజిట్‌లో వచ్చినదానికి ఆ గెజిట్ వివరం ఇవ్వాలి.

పశ్చిమ ప్రకాశం వారికి ఇంకో సూచన. వెలిగొండ ప్రాజెక్టు ప్రస్తావన ఆ చట్టంలోని పదకొండో షెడ్యూలులో, నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టుల వరుసలో ఉంది. అయితే ఇంగ్లీషు ప్రతిలో ఆ పేరు మనం రాసే తీరులో లేదు కాబట్టి కంప్యూటరులో వెతికితే దొరకకపోవచ్చు. తెలుగుగంగ, గాలేరు–నగరి పేర్లు పట్టుకుని వెతకండి, పక్కనే కనిపిస్తుంది. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని సొరంగాల ద్వారా తెచ్చే ఈ ప్రాజెక్టు మీద ప్రశ్న రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కృష్ణా జలాల పంపకం ట్రిబ్యునల్ ముందుంది. విచారణలో ఉన్న అంశాన్ని తాకిన ప్రశ్నను తిరస్కరించే వీలుంటుంది. నీటి కేటాయింపు న్యాయమా కాదా అని అడగకుండా, సొరంగం పనులు, నిర్వాసితుల పరిహారం, కేంద్ర అనుమతుల కోసం పంపిన ప్రతిపాదనల గురించి అడగాలి.

కాగితాలు కూడబెట్టడం

ఎమ్మెల్యే దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లవద్దు. సమాచార హక్కు చట్టం కింద ఒకే విషయం మీద రెండు దరఖాస్తులు పెట్టండి, ఒకటి కేంద్ర కార్యాలయానికి, మరొకటి రాష్ట్ర కార్యాలయానికి. రైలు మార్గం అయితే రైల్వే జోన్ కార్యాలయాన్ని "రాష్ట్రం నుంచి రావలసిన వాటా ఎంత, వచ్చింది ఎంత, ఏ మండలంలో ఎంత భూమి ఇంకా అప్పగించలేదు" అని అడగండి. కలెక్టరేట్‌లో భూసేకరణ విభాగాన్ని అవే ప్రశ్నలు అటువైపు నుంచి అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే, అంకెలు కలవని చోటే మీ ప్రశ్న దొరుకుతుంది. సంవత్సరాల తరబడి వాళ్లు వీళ్ల మీదా, వీళ్లు వాళ్ల మీదా నెపం వేసుకుంటున్న విషయాల్లో ఇంతకన్నా పదునైన సాధనం నాకు కనిపించలేదు.

కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. తప్పు కార్యాలయానికి పెట్టినా, 6(3) సెక్షన్ ప్రకారం వారే 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. నేను పెట్టిన ఒక దరఖాస్తును ఒక కార్యాలయం "మాకు సంబంధం లేదు" అని తిప్పి పంపింది. ఆ సెక్షన్ సంఖ్య రాసి మళ్లీ పంపినప్పుడు అదే కాగితం సరైన చోటికి వెళ్లింది. 2022లో జిల్లాల సరిహద్దులు మారినందువల్ల పాత రికార్డు ఒక కలెక్టరేట్‌లో, కొత్తది మరో కలెక్టరేట్‌లో ఉండవచ్చు. అందుకే జిల్లా పేరుతో పాటు మండలం, గ్రామం, సర్వే నంబరు తప్పకుండా రాయండి.

ప్రశ్నను రాసి ఇవ్వడం

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సమస్య చెప్పి, ప్రశ్న రాసుకునే పని ఎమ్మెల్యేకు వదిలేస్తారు. ఆయనకు వందల అర్జీలు వస్తాయి. మీరే ప్రశ్నను సభ భాషలో రాసి ఇస్తే, ఆయన చేయవలసింది సంతకం పెట్టి శాసనసభ కార్యదర్శికి పంపడమే.

సభలో ప్రశ్నలకు ఒక తీరు ఉంది. మంత్రి జవాబులు "అవునండీ", "కాదండీ", "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న మూడు మాటల్లో తేలిపోతుంటాయి. "ఫలానా పని ఆలస్యం అవుతున్న విషయము వాస్తవమేనా, అయినచో కారణాలేమిటి, ఎప్పటికి పూర్తి చేస్తారు" అని రాస్తే, మొదటిదానికి "కాదండీ" అన్నంతనే మిగతా రెండూ ఉత్పన్నం కాకుండా పోతాయి. కాబట్టి ఒక్కో భాగం తన కాళ్ల మీద తాను నిలబడేలా, దేనికీ "కాదండీ" సరిపోకుండా రాయాలి. రైలు మార్గం మీద నేను ఇప్పుడు రాస్తే ఇలా రాస్తాను:

"మంత్రిగారు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా: (అ) నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గానికి రాష్ట్ర ప్రభుత్వం తన వాటాగా ఇంతవరకు ఏ ఆర్థిక సంవత్సరంలో ఎంత మొత్తం జమ చేసినది, (ఆ) ప్రకాశం, నెల్లూరు జిల్లాలలో మండలాలవారీగా సేకరించవలసిన భూమి, రైల్వేకు అప్పగించిన భూమి ఎంతెంత, (ఇ) మంజూరు నాటి వ్యయ పంపిణీ ఒప్పందంలో మార్పు కోరుతూ రాష్ట్రం, కేంద్రం మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల తేదీలేవి, (ఈ) వాటి ప్రతులను సభ ముందుంచుదురా?"

మంజూరైనప్పుడు ఖర్చులో సగం, భూమి మొత్తం రాష్ట్రం ఇవ్వాలన్నది షరతు. అందుకే నాలుగు భాగాలూ రాష్ట్రం చేసిన పని చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కటీ రైల్వే మంత్రిని అడగడం లేదు. అయినా జవాబు వచ్చేసరికి ఆలస్యంలో ఢిల్లీ వాటా ఎంతో, రాష్ట్రం వాటా ఎంతో సభ రికార్డులోకి ఎక్కుతుంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ మీద కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. ఫ్లోరైడ్ నీటితో బాధపడుతున్న కనిగిరి, మార్కాపురం పల్లెలకు సంబంధించి, సగం సగం ఖర్చు ఉన్న ఆ పథకంలో కేంద్రం విడుదల చేసినది, రాష్ట్రం కలిపినది, ఖర్చయినది, నిధులు ఖర్చు చేశామని చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపిన తేదీ అన్నీ వేర్వేరు భాగాలుగా అడగాలి.

నక్షత్ర గుర్తు పెట్టిన ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. జనం అంతా మొదటిదే కోరతారు గానీ, అంకెలు కావలసిన చోట నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. పట్టిక రూపంలో వచ్చిన జవాబు తర్వాత ఎప్పుడైనా తీసి చూపించవచ్చు, పైగా సభ గందరగోళంలో ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోయినా దానికి ఇబ్బంది తక్కువ.

ఎవరి చేత అడిగించాలి

మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన ప్రశ్న వేయరు. అప్పుడు పక్క నియోజకవర్గం సభ్యుని దగ్గరికి వెళ్లాలి. రైలు మార్గం, సాగునీరు వంటివి ఒక నియోజకవర్గంతో ఆగవు కాబట్టి అందులో తప్పేమీ లేదు. శాసన మండలిని మరిచిపోవద్దు. 58 మంది సభ్యులున్న ఆ సభలో ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల నుంచి ఎన్నికైన సభ్యులు ఉంటారు. వారికి రెండు జిల్లాలూ ఒకే నియోజకవర్గం, మీరు పట్టభద్రులైతే వారు నేరుగా మీ ప్రతినిధులు. అధికార పక్షం సభ్యుడు ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న వేయడని ముందే అనుకోవద్దు. కేంద్రం నుంచి రావలసినదాని గురించి రాష్ట్రం రాసిన లేఖలు బయటపెట్టమనడం ఆయనకూ పనికొచ్చే ప్రశ్నే.

అత్యవసరమైనదైతే, ఉదాహరణకు పంట కోతకు వచ్చాక ఎగుమతి నిబంధన మారి ధర కుప్పకూలితే, ప్రశ్న కోసం ఎదురుచూడకుండా 74వ నియమం కింద సావధాన తీర్మానం ఇమ్మని కోరండి. మంత్రి ప్రకటన చేయవలసి వస్తుంది. విషయం పెద్దదై పలువురు మాట్లాడవలసినదైతే 344వ నియమం కింద స్వల్పకాలిక చర్చ ఉంది. రెండింటికీ స్పీకర్ అనుమతి కావాలి.

తీర్మానం బరువు ఎంత

కేంద్రాన్ని ఉద్దేశించి సభ తీర్మానం చేయాలని అడిగేవారు చాలామంది. ఆ కోరిక సహజమే. అయితే అది కేంద్రాన్ని కట్టిపడేయదని తెలిసి అడగాలి. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పునర్విభజన బిల్లు అభిప్రాయం కోసం మన శాసనసభకు వచ్చింది. 2014 జనవరి 30న సభ దాన్ని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు ఆమోదించింది. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ వద్దని 2021 మే 20న సభ తీర్మానించింది, అదీ విన్నపమే. శాసన మండలి రద్దు కోరుతూ 2020 జనవరి 27న చేసిన తీర్మానం మీద పార్లమెంటు చట్టం చేయలేదు. 2021 నవంబరులో సభే దాన్ని వెనక్కి తీసుకుంది.

శాసనసభ మాట నిజంగా లెక్కలోకి వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. 368(2) అధికరణం చెప్పిన కొన్ని రాజ్యాంగ సవరణలకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి; 2016లో జీఎస్టీ సవరణ అలాగే వెళ్లింది. 252వ అధికరణం కింద, రాష్ట్రాల సభలు తీర్మానిస్తేనే పార్లమెంటు రాష్ట్ర జాబితా విషయం మీద చట్టం చేయగలదు. మన పులికాట్, నేలపట్టు పక్షి కేంద్రాలను కాపాడుతున్న 1972 వన్యప్రాణి చట్టం అలా పుట్టినదే. ఇలాంటి తీర్మానం సభ ముందుకు వస్తున్నదని తెలిస్తే, చర్చకు ముందే మీ సభ్యునికి నోట్ ఇవ్వండి, ఆ తర్వాత ఇచ్చి లాభం లేదు. కేంద్రం మీద దావా వేయడం 131వ అధికరణం కింద ప్రభుత్వం చేయవలసిన పని. సభ దాన్ని కోరగలదు, స్వయంగా వేయలేదు.

జవాబు వచ్చాక

"కేంద్రంతో సంప్రదిస్తాం", "త్వరలో చర్యలు తీసుకుంటాం" అని మంత్రి అన్న మాట హామీ కిందకు వస్తుంది. సభలో ఇచ్చిన హామీల అమలును చూడడానికి ప్రత్యేక కమిటీ ఉంది. జవాబు ప్రతిలో ఆ వాక్యం కింద గీత గీసి, ప్రశ్న సంఖ్య, తేదీతో ఆ కమిటీ ఛైర్మన్‌కు రాయండి. కేంద్ర నిధులతో నడిచే పథకాల మీద కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక వచ్చిందేమో చూడండి. 151వ అధికరణం ప్రకారం రాష్ట్ర పద్దుల నివేదిక గవర్నర్ ద్వారా శాసనసభ ముందుకు వస్తుంది, దాన్ని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. మీ మండలం పేరు అందులో కనిపిస్తే అంతకన్నా బలమైన కాగితం ఉండదు.

జిల్లాలోనే ఇంకో చోటు ఉంది. 2016లో ఏర్పాటైన దిశ కమిటీకి (జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ) ఎంపీ అధ్యక్షుడు, ఎమ్మెల్యేలు సభ్యులు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. మూడు నెలలకొకసారి కూర్చుని కేంద్ర పథకాలను సమీక్షించాలి. వెలగపూడిలో అడగలేని ప్రశ్నను, అంటే కేంద్ర శాఖ తన వైపు ఏం చేసిందన్న ప్రశ్నను, ఇక్కడ ఎంపీ సమక్షంలో అధికారులను అడగవచ్చు. సమావేశం మినిట్స్ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సమావేశం జరగనే లేదని జవాబు వస్తే, ఆ జవాబును మీ ఎంపీకి పంపండి. శాసనసభ జవాబు ప్రతిని కూడా జతచేసి, రాష్ట్రం ఇచ్చిన అంకెలు సరైనవేనా అని లోక్‌సభలో రైల్వే మంత్రిని అడగమని కోరండి.

శాసనసభ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి విరామం ఉండరాదు. కాబట్టి ఒకసారి ప్రశ్న ఎంపిక కాకపోయినా, తేదీలు, అంకెలు తాజా చేసి మళ్లీ ఇవ్వండి. ఇచ్చిన ప్రతిదానికీ ఎమ్మెల్యే కార్యాలయంలో తేదీతో అందినట్టు ముద్ర వేయించుకుని, ఒక ఫైలులో వరుసగా పెట్టుకోండి.